పరీక్షించని ముక్క మీద సంతకం

తెగేవరకు లాగి బలం కొలిచిన లోహపు ముక్క ఆ పరీక్షతోనే పనికిరాకుండా పోతుంది. వాడుకకు వెళ్లే ముక్క ఆ పరీక్షకు ఎన్నడూ లోను కాదు. ప్రత్యేక మిశ్రలోహాలు తయారుచేసే కర్మాగారంలో నాణ్యతా విభాగపు పనిలో చాలా భాగం ఈ రెండు ముక్కల నడుమ ఉన్న ఎడాన్ని పూడ్చడమే. 1973లో హైదరాబాదులో నెలకొన్న మిశ్ర ధాతు నిగమ్ తయారుచేసే మారేజింగ్ ఉక్కు, అంటే సుమారు 18 శాతం నికెల్ కలిసి, 480 డిగ్రీల సెల్సియస్ దాపున గంటల తరబడి ఉంచితే గట్టిపడే ఉక్కు, ఇస్రో రాకెట్ మోటార్ల కవచాలకు వెళ్తుంది. ఇటువంటి తయారీలో ఒక్కసారి కరిగించి పోసిన లోహమంతటికీ ఒకే హీట్ నంబరు ఉంటుంది. అందులోంచి కోసిన చిన్న కడ్డీని లాగి చూసి, మిగిలినదంతా అంతే బలమైనదని టెస్ట్ సర్టిఫికెట్ మీద సంతకం చేస్తారు. అల్ట్రాసోనిక్ పరీక్ష ముక్కను చెడగొట్టకుండానే లోపలి పగులును చూపగలదు గానీ, అది ఎంత లాగుడుకు తెగుతుందో చెప్పలేదు.

ఆ సంతకం వెనుక ఉన్నది ప్రత్యక్షం కాదు, అనుమానం. అంటే చూసినదాన్ని హేతువుగా చేసుకొని చూడనిదాన్ని నిశ్చయించే ప్రమాణం. ఒక్క మెతుకు పట్టి అన్నమంతా ఉడికిందనే స్థాలీపులాక న్యాయం కూడా ఇదే. అయితే హేతువు ఉన్నచోటల్లా సాధ్యం (నిరూపించదలచినది) తప్పక ఉంటుందనే నియమం, అంటే వ్యాప్తి, చూడని సందర్భాలకు ఎలా చెల్లుతుందని చార్వాకులు అడిగారు. 1748లో ప్రచురించిన గ్రంథంలో డేవిడ్ హ్యూమ్ లేవనెత్తిన చిక్కూ దాదాపు ఇదే. చార్వాకుల ప్రశ్నకు న్యాయదర్శన పండితుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో చెప్పిన సమాధానపు సారం ఏమంటే, సంశయించేవాడి సొంత నడవడికే విరుద్ధమయ్యేంతవరకే సంశయానికి చోటు ఉంటుంది. పొగ కావాలనుకున్నవాడు నిప్పే రాజేస్తాడు గనుక, నిప్పుకూ పొగకూ సంబంధం లేదేమోనని అతడు నిజంగా శంకించలేడు.

ఉత్పత్తి ప్రణాళిక వేసే ఉద్యోగి అచ్చంగా ఈ నిప్పు రాజేసే మనిషే. ఫలితం రాకముందే అది అనుకూలంగా వస్తుందని తలచి, ఫోర్జింగ్ ప్రెస్సుకూ హీట్ ట్రీట్‌మెంట్ కొలిమికీ వంతులు కేటాయిస్తాడు. అలా తలచకపోతే కర్మాగారం ఒక్కరోజూ నడవదు. చిన్న సంస్థల్లో నాణ్యత, ప్రణాళిక రెండూ ఒకరి చేతిలోనే ఉండడం అరుదు కాదు. అక్కడ ఉదయనుడి సమాధానం ఇరుకున పడుతుంది, ఎందుకంటే పని సాగాలన్న అవసరమే సంశయాన్ని ఆపగలిగితే, సరుకు పంపవలసిన గడువు కూడా ఒక ప్రమాణమై కూర్చుంటుంది.

దీనికి అడ్డుకట్ట న్యాయదర్శనంలోనే ఉంది. సంశయానికీ కారణం ఉండాలని నైయాయికులు అన్నారు. వ్యాప్తిని చెడగొట్టే కనబడని షరతుకు ఉపాధి అని పేరు పెట్టారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పు, తడి కట్టె కూడా ఉండాలి అని తర్కసంగ్రహంలో ఆంధ్రుడైన అన్నంభట్టు చూపినది ఉపాధికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒకే హీట్ నంబరు గల ముక్కలన్నీ ఒకే బలం కలవి అనే వ్యాప్తికి ఉపాధి కొలిమి: రెండు ముక్కలు వేర్వేరు విడతల్లో వేడెక్కితే నంబరు ఒక్కటైనా బలం ఒక్కటి కాకపోవచ్చు. 1924లో వాల్టర్ షూహార్ట్ రూపొందించిన నియంత్రణ పటం చేసేదీ ఇటువంటి వింగడింపే. పట్టించుకోనక్కరలేని సహజమైన హెచ్చుతగ్గులను, కారణం వెదకి తీరవలసిన తేడా నుంచి అది వేరుచేస్తుంది.

ఇంత చేసినా కొంత సంశయం మిగులుతుంది, ఉదయనుడి వాదం అసలు తడబడేది ఇక్కడే. పైన చెప్పిన ఉదాహరణలో నిప్పు రాజేసేవాడూ పొగ కావాలనుకున్నవాడూ ఒక్కడే. సర్టిఫికెట్ మీద సంతకం చేసేవాడికీ కవచం పగిలితే నష్టపోయేవాడికీ సంబంధమే ఉండకపోవచ్చు కాబట్టి, మనసులో శంక పెట్టుకొని కూడా సంతకం చేయడంలో తార్కికంగా ఏ వైరుద్ధ్యమూ లేదు. మందుల తయారీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన నియమాల్లో ఉత్పత్తి విభాగాధిపతి, నాణ్యతా విభాగాధిపతి ఒకరికొకరు లోబడకుండా ఉండాలన్నది ఒకటి; అది ప్రమాణశాస్త్రం పూడ్చలేని ఖాళీలో, ధర్మశాస్త్రపు పరిధిలో పుట్టిన నియమం.