శింశుపావృక్షము క్రింద

శ్రీమద్రామాయణమునందలి సుందరకాండ 68 సర్గల గ్రంథము. కష్టకాలమున దీనిని పారాయణము చేయుట తెలుగు వైష్ణవ గృహములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. సముద్రలంఘనము, లంకాదహనము చదువునపుడు పిల్లలును చుట్టుచేరి విందురు. కాని ఆ రెండింటి నడుమ శింశుపావృక్షము క్రింద జరిగిన సంభాషణమును నిలిచి మననము చేయువారు కొలదిమంది. ఆంజనేయుని బలము సముద్రముమీద కనబడినది. బుద్ధి కనబడినది ఆ చెట్టు నీడనే.

అప్పటికి సీతమ్మ స్థితి యెట్టిది? రావణుడు విధించిన సంవత్సరపు గడువులో రెండు నెలలు మాత్రమే మిగిలియున్నవి. రాక్షసస్త్రీలు చుట్టుముట్టి బెదరించుచున్నారు. ఆహారము లేదు, నిద్ర లేదు. రాముడు తన్ను మరచెనేమో, అసలు జీవించియే లేడేమో యను శంకలు మనస్సును తొలుచుచున్నవి. తుదకు ఆ తల్లి తన జడనే ఉరిత్రాడుగా చేసికొని ప్రాణము విడువవలెనని తలపోసినట్లు వాల్మీకి మహర్షి దాచక చెప్పెను. సాక్షాత్తు శ్రీమహాలక్ష్మి అవతారమునకే మానుషదేహమున ఇట్టి దశ ప్రాప్తించినపుడు, సామాన్య గృహస్థునకు కలిగిన మనోవ్యథను భక్తిలోపమని యెంచుట న్యాయమా? ఈ ప్రశ్నతో నేడు ఎన్నో గృహములలో నిజమైన ప్రాణములు ముడివడి యున్నవి.

ఒక గృహమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. పుట్టిన బిడ్డ దక్కలేదు. నెలలు గడచినను కోడలు పూజగదిలో అడుగిడదు, రాత్రులు కూర్చుండియే తెల్లవార్చును, పిలిచినను పలుకదు. అత్తగారు మ్రొక్కు మ్రొక్కి ఆమెను కొండకు తీసికొనిపోయెను. అది తగిన పనియే. కాని తిరిగివచ్చిన పిదపను మార్పు కానరాకపోగా, "అమ్మాయీ, నీకు స్వామిమీద నమ్మకము చాలదు" అను మాట ఆ యింట పుట్టెను. ఆ మాట ఆ యువతికి రెండవ శోకమయ్యెను. అంతవరకు బిడ్డను మాత్రమే కోల్పోయినది. ఇప్పుడు స్వామికి కూడ దూరమైతినేమో యని కుమిలిపోసాగెను. మానసిక చికిత్స చేయువారిని చూపింపుడని వైద్యుడు వ్రాసి యిచ్చిన కాగితమును, ఇరుగుపొరుగువా రేమనుకొందురో యని, పంచాంగము క్రింద దాచిరి.

ప్రపన్నునకు భగవంతుడే ఉపాయము గదా, మరియొకరిని ఆశ్రయించుట మహావిశ్వాసమునకు భంగము కాదా యని కొందరు పెద్దలు చిత్తశుద్ధితోనే అడుగుదురు. ప్రపత్తిలో ఇతరోపాయములను విడుచుట మోక్షమును గూర్చిన మాట. జ్వరమునకు కషాయము త్రాగవద్దని దాని యర్థము కాదు. క్షీరసాగరమునుండి అమృతకలశముతో వెలువడిన ధన్వంతరి శ్రీహరి అవతారమే. తిరుమల తిరుపతి దేవస్థానములు తిరుపతిలో బర్డ్, స్విమ్స్ వంటి వైద్యసంస్థలను నెలకొల్పియున్నవి. ఎముక విరిగినవాడు వైద్యశాలకు పోవుటకు సిగ్గుపడడు. మనస్సు విరిగినవాడేల సిగ్గుపడవలెను?

ఇక ఆంజనేయుడు ఏమి చేసెనో చూడవలెను. చెట్టుకొమ్మలలో దాగియున్న ఆ మహానుభావుడు వెంటనే దుమికి యెదుట నిలువలేదు. తాను ఎట్లు మాటలాడినచో ఈమె భయపడదు, ఏ భాషలో పలికినచో రావణుడని శంకింపదు, మాటలాడక జాగుచేసినచో ఈ రాత్రి తెల్లవారునాటికి ప్రాణము నిలుచునా యని దీర్ఘముగా విచారించెను. పిదప మెల్లని మధురస్వరముతో, ఆమె చెవికి మాత్రము సోకునట్లు, రామకథను చెప్పసాగెను. "ఏడువకుము" అనలేదు. "ధైర్యము లేదా?" యని గద్దింపలేదు. ఆమె పైకి చూచి, ఇది స్వప్నమేమోయని భ్రమించి, దగ్గరకు రాగా రావణుడే మారువేషమున వచ్చెనని అనుమానించినను, ఆయన నొచ్చుకొనలేదు. శంకించుట శోకార్తుల స్వభావమని యెరిగి యోపికతో నిలిచెను.

మంచి చికిత్సకుని కడ మొదటి దినమున ఎదురుపడునది కూడ ఇట్టిదే. సాధారణముగా 45 నిమిషములు మొదలు ఒక గంటవరకు, వారమునకొక మారు కూర్చుండి మాటలాడుట జరుగును. తొలి కూటమిలో ఉపదేశము ఉండదు, ప్రశ్నలుండును. నిద్ర యెట్లున్నది, బాధ యెప్పటినుండి, ఇంటిలో ఎవరెవరున్నారు, చనిపోవలెనను తలంపు వచ్చినదా యని నేరుగా అడుగుదురు. ఈ చివరి ప్రశ్న విని గృహస్థులు ఉలికిపడుదురు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు, లోపలనున్నది వెలుపలికి వచ్చుటకు దారి యేర్పడును. ప్రైవేటుగా చికిత్స చేయువారు ఫీజు ఎంతయో, రాలేకపోయినచో ఏమగునో మొదటనే చెప్పవలెను. చెప్పనిచో అడుగుటలో తప్పులేదు. కొన్ని వారములతో ముగియు బాధలు కలవు, నెలలు పట్టునవియు కలవు. ఒక్క కూటమితో నయము చేసెదనని మాట యిచ్చువానిని నమ్మరాదు.

సీతమ్మ ఊరక నమ్మలేదు. రామలక్ష్మణుల దేహలక్షణములు వర్ణింపుమని దూతను పరీక్షించెను. రామునకును వానరులకును పొత్తు ఎట్లు కుదిరెనని అడిగెను. తృప్తికరమైన సమాధానము వచ్చిన తరువాతనే రామనామాంకితమైన ఉంగరము ఆమె చేతికందినది. శోకములో మునిగియున్నను ఆ తల్లి వదలని వివేకము నేటివారికిని అవసరము. సైకియాట్రిస్టు అనగా ఎం.బి.బి.ఎస్. చదివి, పిదప మనోవైద్యమున ప్రత్యేక విద్య నభ్యసించిన వైద్యుడు. మందులు వ్రాయునది ఆయనయే. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయడు. మాటల ద్వారా చికిత్స చేయును. 1992 నాటి చట్టముననుసరించి ఏర్పడిన భారత పునరావాస మండలిలో ఆయన పేరు నమోదై యుండవలెను. కౌన్సెలరు అను బోర్డు మాత్రము చాలీచాలని శిక్షణ కలవారును తగిలించుకొనుట కలదు. కావున చదువు, శిక్షణ, నమోదు అడిగి తెలిసికొనుట అవిశ్వాసము కాదు. దేవతారాధనను పరిహసించువాడు, తాయెత్తు అమ్మజూపువాడు, చికిత్సకు మించిన చనువు కోరువాడు, వీరియెదుటనుండి లేచి వచ్చుటయే మేలు.

చెప్పిన మాట బయటకు పొక్కునా యని భయపడువారు చాలమంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనున్నది. రోగి విషయములను గోప్యముగా నుంచుట దానిలో ఒక హక్కు. తనకుగాని పరులకుగాని ప్రాణాపాయము కలిగినపుడు, న్యాయస్థానము ఆజ్ఞాపించినపుడు, పసిబిడ్డలపై లైంగిక దౌర్జన్యము బయటపడినపుడు ఆ గోప్యతకు మినహాయింపు కలదు. మంచి చికిత్సకుడు దీనిని ముందే తెలుపును. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లే భావించి, వారికి శిక్షకు బదులు సంరక్షణ నీయవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది.

చికిత్సలో జరుగునదేమి? ఆరన్ బెక్ అను అమెరికా వైద్యుడు 1960 ప్రాంతమున రూపొందించిన పద్ధతిలో, బాధించు తలంపును కాగితముపై వ్రాయించి, దానికి సాక్ష్యమేమి, వ్యతిరేక సాక్ష్యమేమి యని రోగిచేతనే విచారింపజేయుదురు. రాముడు మరచెనను శంకకు ఆంజనేయుడు ఉత్త ఓదార్పు పలుకలేదు; రాముడు నిద్రలేక, నోటికి రుచిలేక, సీతా యని కలవరించుచున్న తీరును కన్నది కన్నట్లు విన్నవించెను. కొందరికి తొలి వారములలో దుఃఖము తగ్గకపోగా హెచ్చినట్లు తోచును. మూసియుంచిన పుండును కడుగునపుడు కలుగు మంట అది. అంతటితో మానివేయక ఆ సంగతిని చికిత్సకునికే చెప్పవలెను. పొసగనిచో మరియొకరిని చూచుకొనవచ్చును. జపము, తిరువారాధనము యథాప్రకారము సాగవచ్చును. మందులు వాడువారు ఏకాదశీ ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగుట మంచిది. తమంతట తాము మందు ఆపరాదు.

మరియొక సూక్ష్మము కలదు. ఆంజనేయుడు తన వీపుపై కూర్చుండుమని, ఇప్పుడే రాముని కడకు చేర్చెదనని ప్రార్థించెను. సముద్రముమీద భయముతో జారిపడుదునేమో యనియు, పరపురుష స్పర్శను తాను కోరి పొందననియు, రాముడే వచ్చి రావణుని గెలిచి తీసికొనిపోవుట ఆయనకు తగిన కీర్తియనియు ఆమె కాదనెను. అంత బలశాలియు పట్టుబట్టక, ఆమె మాటయే యుక్తమని ఒప్పుకొనెను. కాపురమును నిలుపుకొనవలెనా, ఉద్యోగము విడువవలెనా యని అడిగినపుడు మంచి చికిత్సకుడు తీర్పు చెప్పడు. తీర్పు ఆశించిపోయిన గృహస్థులు దీనిచేత నిరాశ చెందుదురు. ఇంటికి వచ్చినవారిని "ఏమి చెప్పితివి? మమ్ము గూర్చి చెప్పితివా?" యని తరచి తరచి అడుగుట అత్తమామలు మానవలెను.

ప్రైవేటు ఫీజు ఇచ్చుకొనలేనివారికి హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణమునందును ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ 14416 అను సంఖ్యకు పగలురేయి ఉచితముగా టెలిఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును. ప్రాణము తీసికొనెదనను మాట ఇంటిలో వినబడినచో, ముహూర్తము చూడక, ఆ మనిషిని ఒంటరిగా విడువక, వెంటనే దగ్గరి వైద్యశాలకు చేర్చవలెను.

పంచాంగము క్రింద కాగితము దాచిన యింట, అత్తగారే దానిని వెలికితీసి కోడలి చేతికిచ్చి, వెంట బయలుదేరవచ్చును. వెలుపలి బల్లమీద కూర్చుండి ఆ గంటసేపు నామము జపించుచుండవచ్చును.

లంకలో ఆ రాత్రి పరిస్థితులు ఏమియు మారలేదు. అవే కావలిస్త్రీలు, అదే గడువు, అదే చెట్టు. కొంగున దాచుకొన్న చూడామణి దూత చేతికి పోయినది, ఉంగరము ఆమె చేతికి వచ్చినది. చావ నిశ్చయించుకొన్న ఆ తల్లియే, అలసితివి నాయనా, ఎచటనైన దాగి ఈ యొక్క దినము విశ్రమించి రేపు పొమ్మని ఆంజనేయుని అడిగెను.