తొమ్మిదో తరగతి తర్వాత ఆటలెందుకు?

సంచికకి ‘విలువలు’ మీద రాయమని సంపాదకుల మాట; గడువు ముంచుకొచ్చింది. భాష, గుడి, పెద్దలకు నమస్కారం గురించి ఏటా రాసుకుంటూనే ఉన్నాం, ఈసారి ఆట గురించి రాస్తాను. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌కి మడత కుర్చీలు మోసుకెళ్లే మనమే, పిల్లాడు తొమ్మిదిలోకి రాగానే "ఇంక చాల్లే, ఎస్ఏటీ చూసుకో" అంటాం. రెండువైపులా న్యాయం ఉంది, రెండూ చూద్దాం.

టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ పిచ్చర్ కుమార్ రాకర్‌నే తీసుకోండి. తండ్రి ట్రేసీ రాకర్ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. అమ్మమ్మ, తాతయ్య ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు. 2018లో కొలరాడో రాకీస్ డ్రాఫ్ట్‌లో తీసుకున్నా సంతకం పెట్టకుండా వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. "చూశారా, చదువే ముందు" అని మనవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. కానీ అక్కడ అతను వెలిగింది మైదానంలో. 2019లో డ్యూక్ మీద ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో పిక్‌గా తీసుకుని, 60 లక్షల డాలర్లకు మాట కుదిరాక, వైద్య పరీక్షల ఫలితం చూసి వెనక్కి తగ్గింది. మన భయం సరిగ్గా ఇదే: ఒక్క చేతిని నమ్ముకుని బతుకంతా ఒడ్డితే ఎలా? ఆ భయం ఉత్తిది కాదు. అయితే అంత పేరున్న కుర్రాడు 2022లో ఫ్రాంటియర్ లీగ్‌లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టుకి ఆడాడు. ఆ వేసవిలోనే రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకుంది. 2023లో మోచేతికి టామీ జాన్ సర్జరీ, 2024 సెప్టెంబరులో సియాటిల్‌లో తొలి మేజర్ లీగ్ ఆట. పెద్దది చేజారితే చిన్నచోట మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఏ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులో నేర్పుతున్నారు? లేఆఫ్ మెయిల్ వచ్చిన ఇళ్లలో కావలసింది అదే కదా!

"అతనికి తండ్రి రక్తం ఉంది, మన పిల్లలకేదీ?" అనవచ్చు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్‌తో దేశాలు చుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తినాయుణ్ని మరిచిపోయి అనే మాట ఇది. ఆమదాలవలస పక్క ఊసవానిపేట కరణం మల్లీశ్వరి తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. ఆమె 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. ఆమె మా సిక్కోలు ఆడపడుచని చెప్పుకుంటాం. మనమ్మాయి సాఫ్ట్‌బాల్ కుమాన్ ట్యూషన్‌కి అడ్డమొస్తే మాత్రం మానిపిస్తాం. అందరూ మేజర్ లీగ్‌కి పోరు, నిజమే. కూచిపూడి నేర్చిన పిల్లలందరూ నర్తకులవుతున్నారా? రంగప్రవేశానికి వేలు పోసేటప్పుడు "దీనివల్ల ఏమొస్తుంది" అని ఎవరమూ అడగం. బేస్‌బాల్ మనది కాదనుకుంటాం గనక ఆ ప్రశ్న అక్కడే పుడుతుంది. పిల్లలకది వాళ్లదే. రెండువైపులా చూద్దామన్నాను గానీ, నా మొగ్గు ఇటే. జట్టులో చోటున్న పిల్లాడికి శనివారం వదిలేసి, ఎస్ఏటీ క్లాసు ఆదివారానికి మార్చండి.