విహారయాత్రయు దాని లెక్కయు



వేసవి సెలవులు సమీపించుకొలది మన సంఘములలో ఈ మధ్య ఒక క్రొత్త ప్రశ్న వినవచ్చుచున్నది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగము చేయుచున్న కుమారుడు తన పిల్లలను సింగపూరునకు తీసికొనిపోయి, అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ అను వినోదవనమును చూపింపవలెనని తలంచును. పల్లెలోనున్న తండ్రి మా యొద్దకు వచ్చి, "ఆటలు చూచుటకు లక్షలు పోయుదురా? ఇది పాపము కాదా, అయ్యగారూ?" అని అడుగును. పండుగకు వచ్చిన కుమారుడు అదే ప్రశ్నను తిరుగవేసి, "పిల్లలను సంతోషపెట్టుట పాపమా, అయ్యగారూ?" అనును. ఇద్దరును తమ పక్షమున తీర్పు వినవలెనని వచ్చినవారే గాని ఆలోచన అడుగవచ్చినవారు కారు.

మేము ఇద్దరికిని ఒకే మాట చెప్పుచున్నాము. ఆ యాత్రకు వేసిన లెక్క కాగితమును తెచ్చి చూపుడి. అది తగిన యాత్రయో కాదో ఆ కాగితమే చెప్పును. మొత్తము ఎంత తేలినదని మేము మొదట చూడము. ఎవరి పేరులు అందులో ఉన్నవి, ఎవరి పేరులు లేవు అని చూతుము.

సంతోషమునకు డబ్బు ప్రత్యేకించుట భక్తికి విరుద్ధమని తలంచువారు ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము 24 నుండి 27 వచనములను నెమ్మదిగా చదువవలెను. దూరపు ఊరివాడు తన పంటలోని పదియవ భాగమును అంత దూరము మోసికొనిపోలేడు గనుక, దానిని అమ్మి వెండి చేసికొని వెళ్లి, అక్కడ తన మనస్సునకు ఇష్టమైనదానిని కొనుక్కొని, ఇంటివారందరితో కలిసి భుజించి ఆనందించుటకు ధర్మశాస్త్రము సెలవిచ్చుచున్నది. (మద్యమును గూర్చిన మాట కూడ అక్కడ ఉన్నదే అని గడుసువారు అడుగుదురు. దాని సంగతి మరియొక నెలలో చూచుకొందము.) సెంతోసా ద్వీపము యెరూషలేము కాదు, ఆరాధన పండుగకును ఆటస్థలమునకును ఉన్న భేదము మాకు తెలియకపోలేదు. అయినను ఆ లెక్క వేసిన పద్ధతిని చూడుడి. సొమ్ము ప్రయాణమునకు ముందే కూడబెట్టబడినది. అది చేతిలో ఉన్న సొమ్మే గాని ముందు సంవత్సరపు పంటమీద తెచ్చిన అప్పు కాదు. పోవువారు ఇంటివారందరు. ఆ వెంటనే లేవీయుని మరువవద్దని హెచ్చరికయు, 16వ అధ్యాయములో దాసుడు, దాసి, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు అను పేరుల పట్టికయు కనబడును. లేవీయుడనగా పాస్టరే గదా అని మీరు నవ్వుదురు గనుక ఆ పేరును ఇక్కడ విడిచిపెట్టుచున్నాము. మిగిలిన పేరులను మాత్రము విడువలేము.

మన పెద్దలకు ఈ పద్ధతి తెలియనిది కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమునకు క్రిస్మసు దినములలో బండ్లు కట్టుకొని పోయిన కాలములో, బండిలో ఎవరు కూర్చుందురు, ఇంటివద్ద ఎవరుందురు, పశువులకు మేత ఎవరు వేయుదురు అని తేల్చుకొనక ఎవరును ఎద్దులను కాడికి కట్టియుండరు. ఇప్పుడు విమానపు టిక్కెట్టు అర్ధరాత్రి ఫోనులోనే కొనబడుచున్నది. ఆ తేల్చుకొనుట మాత్రము వెనుకబడినది.

ఇట్టి వినోదవనములు పుట్టిన విధము కూడ ఆలోచింపదగినది. వాల్ట్ డిస్నీ అను చలనచిత్ర నిర్మాత లాస్ ఏంజిలీస్ నగరపు గ్రిఫిత్ పార్కులో బల్లమీద కూర్చుండి, తన ఇద్దరు కుమార్తెలు రంగులరాట్నము ఎక్కి తిరుగుచుండగా చూచుచు, పిల్లలు ఒకచోట ఆడుచుండగా పెద్దలు మరియొకచోట ఊరక కూర్చుండవలసిన పని లేక, అందరు కలిసి ఆనందించు స్థలము ఉండవలెనని తలంచినట్లు తానే చెప్పియున్నాడు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైములో అతని డిస్నీలాండు తెరువబడినది. ఆ దినములలో లోపలికి పోవుటకు ఒక రుసుము, ఒక్కొక్క ఆటకు వేరు టిక్కెట్టు. తరువాత పలు తరగతుల టిక్కెట్లు గల చిన్న పుస్తకములు వచ్చి 1982 వరకు సాగినవి. ఆ పుస్తకము పట్టుకొనిన పిల్లవాడు దేనిని ఎక్కుట, దేనిని విడుచుట అని ఎంచుకొనవలసియుండెను. అటువంటి ఎంపిక పిల్లలకు మేలే చేసినదని మాకు తోచుచున్నది. ఇప్పుడు ఒకే టిక్కెట్టుతో అన్ని ఆటలును తెరచియుండుటచేత, ఏదియు విడువరాదను ఆత్రము పిల్లలకంటె తండ్రులకే ఎక్కువ పట్టుచున్నది.

ఇక లెక్కకు వత్తము. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) మనమందరము శిష్యత్వమును గూర్చి బోధింతుము. అది గోపురమును గూర్చి కూడ నిజమే. ఒక కుటుంబము ఈ యాత్రకు 4 లక్షల రూపాయలు అగునని తేల్చుకొనినదని ఊహింపుడి. రెండు సంవత్సరములు ముందుగా ఆరంభించినయెడల నెలకు 16,667 రూపాయలు దాచవలెను. కష్టమే, గాని మంచి జీతగానికి అసాధ్యము కాదు. ఆ ఓపిక లేక క్రెడిట్ కార్డు మీద పోయివచ్చి, తరువాత తీర్చుకొందమని అనుకొనిరనుడి. మన పల్లెలో రెండు రూపాయల వడ్డీ అన్ననే భయపడుదురు. కార్డువారు నెలకు నూటికి మూడున్నర రూపాయలు పుచ్చుకొనుట సామాన్యమే. 4 లక్షలకు ఒక నెల వడ్డీ 14,000 రూపాయలు. ఆ వడ్డీ మీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 2,520. కలిపి 16,520. అనగా దాచుకొనవలసిన ఆ 16,667 రూపాయలనే నెలనెల కార్డుకు కట్టినను, మొదటి నెలలో అసలు తగ్గునది 147 రూపాయలు మాత్రమే! అదే సొమ్ము, అదే జీతగాడు. ముందు దాచినవాడు రెండేండ్లకు పోయివచ్చును. ముందు పోయివచ్చినవాడు రెండేండ్ల తరువాత కూడ దాదాపుగా పోయివచ్చిన దినముననే నిలిచియుండును. ఈ లెక్కను మేము యౌవనస్థుల కూటములో నల్లబల్ల మీద వేసినప్పుడు, ప్రసంగమునకు ఎన్నడును రాని నిశ్శబ్దము వచ్చినది.

చిల్లర ఖర్చులను గూర్చి కొన్ని మాటలు చాలును. ఆ వనములో 4 ఏండ్లలోపు బిడ్డలకు టిక్కెట్టు లేదు. 4 నుండి 12 ఏండ్లవారికి ధర కొంత తక్కువ. కొన్ని ఆటలకు ఎత్తు నియమము గలదు. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనుదాని ఎక్కుటకు 125 సెంటీమీటర్లు ఉండవలెను. పిల్లవానిని ఇంటివద్దనే గోడకు నిలువబెట్టి కొలిచినయెడల అక్కడ ఏడ్పు తప్పును. సింగపూరులో 2024 జనవరి 1 నుండి జి.ఎస్.టి. నూటికి 9, పెద్ద హోటళ్లలో సేవారుసుము నూటికి 10 కూడ కలుపుదురు. పట్టికలో 10 డాలర్లని వ్రాసిన భోజనము చేతికి వచ్చుసరికి 11 డాలర్ల 99 సెంట్లగును. హాకర్ సెంటరులని పిలువబడు సామాన్యుల భోజనశాలలలో ఆ సేవారుసుము ఉండదు. కుళాయి నీరు నిర్భయముగా త్రాగవచ్చును. విదేశయాత్రా ప్యాకేజి అమ్మువారు ధర మీద ఆదాయపు పన్ను ముందుగానే వసూలు చేయు నియమము 2020 అక్టోబరు 1 నుండి వచ్చినది. రేట్లు పలుమారులు మారినవి గనుక చెల్లించు దినమున అడిగి తెలిసికొనవలెను. ఆ సొమ్ము రిటర్నులో సర్దుబాటగునే గాని పోయినది కాదు. అయినను ఆ దినమున చేతినుండి పోవును గదా.

ఇంతవరకు ఏ లెక్కరియైనను చెప్పగలడు. కాగితములో సాధారణముగా లేని పేరులను గూర్చియే మా విచారము.

మొదటి పేరు ఇంటిలోని ముసలి తల్లిది. మేము చూచిన ఒక కాగితములో బొమ్మలకు ఒక వరుస, టోపీలకు ఒక వరుస, చలనచిత్రములోని వేషగాండ్రతో ఫొటోలకు ఒక వరుస ఉన్నవి. ఆ ఇంటనే ఉన్న నానమ్మకు వరుస లేదు. ఆమె పోవుటలేదట. "మేము అడిగితిమి, అమ్మే వద్దన్నది" అనిరి. ముసలివారు మొదటిసారి అడిగినప్పుడు వద్దనియే అందురు. రెండవ ముద్ద అన్నము పెట్టబోయినను వద్దనియే అందురు. మన తెలుగు ఇండ్లలో ఆ మాటను అంతటితో నమ్మి విస్తరి తీసివేయువారెవరు? ఆమె నిజముగా రాలేని స్థితిలో ఉండవచ్చును. మోకాళ్లు, వేడి, ఎనిమిది గంటల నడక. అట్లయిన ఆ ఎనిమిది దినములు ఆమెకు మాత్రలు ఎవరు అందింతురు? రాత్రి ఇంటిలో తోడు ఎవరు పండుకొందురు? ఆ తోడుగా వచ్చు బంధువునకు బస్సు చార్జీ ఎంత? ఇవియు యాత్రా ఖర్చులే. ఆమె పోగలిగినయెడల భీమాకు రుసుము హెచ్చును, చక్రముల కుర్చీ అద్దె హెచ్చును, దినమునకు చూచు ఆటలు తగ్గును. తగ్గనిండు. జెకర్యా 8వ అధ్యాయములో ప్రవక్త బాగుపడిన పట్టణమును చూపునప్పుడు 5వ వచనములో ఆడుకొను బాలబాలికలను చూపెను. అయితే అంతకుముందు 4వ వచనములో చేతికఱ్ఱలు పట్టుకొని అదే వీధులలో కూర్చుండిన వృద్ధులను చూపెను. ఆ రెండు వచనములను వేరుచేసి చదువుట న్యాయము కాదు.

రెండవ పేరు పనిమనిషిది. యజమానులు ఎనిమిది దినములు లేరు గనుక ఎనిమిది దినముల జీతము తగ్గించుట పట్టణములలో వాడుకగా ఉన్నదని మా సంఘపు స్త్రీలే, ఆ పని చేయుటకు వెళ్లినవారే, మాతో చెప్పిరి. సెలవు తీసికొనినది ఆమె కాదు, మీరు. ఆమె పిల్లలు ఆ ఎనిమిది దినములును భోజనము చేయుదురు. కూలివాని జీతమును ప్రొద్దు గ్రుంకక మునుపే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:14-15 చెప్పుటకు కారణము, అతడు దానిమీదనే ప్రాణము పెట్టుకొనియుండుటయే. నాలుగు లక్షల లెక్కలో ఈ సొమ్ము పిల్లల టోపీల ఖర్చుకంటె పెద్దది కాదు. అయినను దానిని మిగిల్చుకొని పోవు యాత్రలో ఆ స్త్రీ తన పిల్లల అన్నములోనుండి చందా వేసినట్లే. ఆమెను ఎవరును అడుగలేదు.

మూడవది బిడ్డల పేరు. బిడ్డల కొరకే గదా యాత్ర అందురు. నిజమే, గాని లెక్క వేయునప్పుడు వారిని గదిలోనుండి పంపివేయుదురు. మా అభిప్రాయము దీనికి విరుద్ధము. తొమ్మిది పది ఏండ్ల బిడ్డకు కూడిక తీసివేత వచ్చును. వారిని దగ్గర కూర్చుండబెట్టుకొని, ఇది నాన్నగారి ఇన్ని నెలల పొదుపు, ఇది నానమ్మ కుర్చీ అద్దె, ఇది పనిమనిషి అక్క జీతము, ఇది మీ బొమ్మలకు అని చూపించినయెడల, బొమ్మల వరుసలో వారే తగ్గించుటయు గలదు. తగ్గింపకపోయినను తెలిసికొందురు. ఏమియు తెలియక పోయివచ్చిన బిడ్డ మరుసటి వేసవికి జపాను అడుగును. తప్పు బిడ్డది కాదు.

వరుసలో నిలువకుండ ముందుకు పోవుటకు ఎక్కువ సొమ్ము చెల్లించు ఎక్స్‌ప్రెస్ పాసును గూర్చి కూడ కొందరు అడిగిరి. అమెరికా డిస్నీ వనములలో ఇట్టి వసతి 1999 నుండి ఉచితముగా ఉండి, 2021 అక్టోబరు నుండి వెలకు వచ్చినది. సింగపూరులో దానిని కొనుక్కొనవలెను. మోకాళ్ల నొప్పిగల తల్లికొరకు కొనుట దయ అని మేమందుము. ఆరోగ్యముగల పిల్లలకైతే మీ యిష్టము. మేము మాత్రము కొనము. గంటసేపు తండ్రి ప్రక్కన నిలిచి, ఏ ఆఫీసు ఫోనును ఎత్తని తండ్రితో కబుర్లు చెప్పుట ఆ బిడ్డలకు పట్టణములో దొరకునా? వరుసలో నిలువబడుట కూడ యాత్రలోనిదే.

ఇంత చేసినను ఆ సంవత్సరము సొమ్ము చాలకపోవచ్చును. అట్లయిన 1996లో తెరువబడిన రామోజీ ఫిల్మ్ సిటీ మన దగ్గరనే ఉన్నది. మరుసటి యేడు సింగపూరునకు పోవచ్చును. వాయిదా పడినదని బిడ్డలకు కారణముతో చెప్పుడి. అబద్ధముగా వీసా రాలేదని చెప్పవద్దు.

పోవువారికి మరియొక సంగతి. యోసేపు మరియలు ఏటేట పండుగకు పోవు అలవాటుగల జాగ్రత్తపరులే. అయినను పిల్లవాడు గుంపులోనే ఉన్నాడని తలంచి ఒక దినపు ప్రయాణము సాగిపోయిరి (లూకా 2:44). మీ ఫోను నంబరును వ్రాసిన చీటి బిడ్డ జేబులో ఉంచుడి. యూనివర్సల్ స్టూడియోస్ వాకిట పెద్ద గోళమొకటి నెమ్మదిగా తిరుగుచుండును. తప్పిపోయినవారు దాని దగ్గరకు వచ్చి నిలువవలెనని లోపలికి పోకమునుపే, నానమ్మతో సహా అందరికి చెప్పి ఉంచుడి.