బడిపిల్లల పంక్తి – దాసోహ ధర్మము

దానమునకును దాసోహమునకును భేదమేమి? ఇచ్చువాడు మీద నిలిచి పుచ్చుకొనువానిని క్రింద నిలిపిన అది దానము మాత్రమే. ఇచ్చువాడు తానే సేవకుడై ఎదుటివానియందు శివుని దర్శించిన అది దాసోహము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు బోధించిన ఈ భేదమును నేడు మన గోదావరి సీమలోని బడి వసారాలో పరీక్షించి చూడవలసియున్నది.

బడిపిల్లలకు ఉచితముగా ఉపాహారమిడుట క్రొత్త ఆలోచన కాదు. గోదావరి మండలములు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలముననే, 1920లో, తెలుగువాడగు పిట్టి త్యాగరాయశెట్టి అధ్యక్షతన నడచిన మద్రాసు కార్పొరేషను థౌజండ్ లైట్స్ పాఠశాలలో బిడ్డకు దినమునకు ఒక అణాకు మించని వ్యయముతో ఫలహారము పెట్టించినది. 2001 నవంబరు 28న వండిన భోజనము పెట్టుడని సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించుటతో అది దయ గాక హక్కైనది. ఆంధ్రప్రదేశమున 2003లో మధ్యాహ్న భోజనము మొదలైనది. 2020లో వేరుసెనగ చిక్కియు, 2023లో రాగిజావయు అందు చేరినవి. 2024లో ఆ పథకమునకు లంకల గన్నవరమున వేళ చూడక ఆకలిగొన్నవారికి వండి పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరిడిరి.

ధాన్యాగారమగు డెల్టాలో ఈ చిరుతిండి యేలయని కొందరడుగవచ్చును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మనకు వరియన్నమునకు కొరత లేదు. కాని కడుపు నిండుట వేరు, ఒడలు పెరుగుట వేరు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత కలదు. వారే రేపు బడికి వచ్చువారు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువుండగా, మరపట్టిన బియ్యమున పది మిల్లీగ్రాముల వరకే యుండును. ఉదయము ఏమియు తినక వచ్చిన బిడ్డకు జావ త్రాగిన పిమ్మట పాఠముపై మనసు నిలుచును. అయినను ఈ పిడికెడు తిండియే సర్వమును చక్కబెట్టదు. ఇంటిలో ఆకుకూర, శుభ్రమైన నీరు, నులిపురుగుల మందు తోడైననే రక్తము పట్టును.

ఇక మనవారిని కలవరపెట్టు ప్రశ్న గ్రుడ్డును గూర్చినది. 2021లో కర్ణాటకమున బడులలో గ్రుడ్లు పెట్టుటకు మన మఠాధిపతులు కొందరు అభ్యంతరము తెలిపిరి. తమ పిల్లల ఆచారము చెడునను వారి భయము నిరాధారమని త్రోసివేయరాదు. పసివాడు ప్రక్కవాని కంచమును చూడకుండునా? కాని వ్రతము తన నాలుకకే గాని పరుల కంచమునకు గాదు. ఇంట పాలు లేని కూలివాని బిడ్డ నోటినుండి గ్రుడ్డును తొలగించి మనము కాపాడుకొను శీలమేది? వేరు పంక్తి కోరుటయు తగదు. పంక్తిభేదమును పోగొట్టుటకే గదా శరణులు పాటుపడినది!

మనము న్యాయముగా కోరదగినది ఒక్కటి కలదు: గ్రుడ్డు తినని బిడ్డకు దానితో తూగు ఆహారము. ఒక గ్రుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుండును. అరటిపండులో ఒక గ్రాము మాత్రమే. ఇరువదియైదు గ్రాముల వేరుసెనగ పప్పు ఆ ఆరు గ్రాములను ఇచ్చును. గ్రుడ్డునందలి తక్కిన సారములు కొన్ని పాలవలన లభించును. కావున అరటిపండుతో తృప్తిపడక, అదే పంక్తిలో పప్పును, పాలను అడుగుదము.

తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమారస్వామివారు కులభేదము పాటింపక వేలాది బిడ్డలకు అన్నము, విద్య నొసగిరి. ఆ మార్గమున మన మఠములును, కుటుంబములును చేయదగిన పని యెంతయో కలదు. ఊరి బడికి పోయి జావ రుచి చూడవచ్చును. చిక్కి ముక్కిపోయెనేమో పరిశీలింపవచ్చును. వండిపెట్టు తల్లుల కాయకమునకు వేతనము సకాలమున అందునట్లు చూడవచ్చును. ఏ బిడ్డయు తలవంచుకొనక చేయి చాచిననాడే అది దాసోహమగును.