ఆదర్శం దూరాన, అండ దగ్గర

మన గూడేల్లో తొలితరం చదువుకున్నవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. మన యాస విని తరగతంతా నవ్విన రోజున, అదే యాసలో మాట్లాడే సారు ఒక్కరు బడిలో ఉంటే ఆ నవ్వు అంతగా గుచ్చుకోదు. మనలాంటి మనిషి కళ్లముందు ఉండటమే ఒక ధైర్యం.

అలాంటి మనిషి ఎక్కడా కనబడని పిల్లలు మనలోనూ ఉన్నారు. మగపిల్లాడిగా పెరుగుతూ తాను ఆడపిల్లనని లోపల ఎరిగినవారు, ఆడపిల్లగా పెరుగుతూ తాను మగవాడినని ఎరిగినవారు, తమ లింగం వారినే ప్రేమించేవారు. హాస్టల్లో వాళ్లకు దొరికేది ‘ఆడంగి’ వంటి పిలుపు. గిరిజనులమని ఎవరైనా వెక్కిరిస్తే ఇంటికి పోయి అమ్మకు చెప్పుకుంటాం. ఈ వెక్కిరింపు ఇంట్లోనూ ఎదురైతే ఎవరికి చెప్పుకోవాలి?

ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివిన ప్రాచీ రాథోడ్, ఖమ్మంకు చెందిన రూత్ జాన్ పాల్ 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్లుగా చేరారు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వీళ్లే. అంతకుముందు ప్రైవేటు ఆసుపత్రుల్లో తిరస్కారాలు చూసినవాళ్లు. ‘నాలాంటివాళ్లకు భిక్షాటన తప్ప దారి లేదు’ అనుకునే పిల్లలకు ఈ కబురు చేరాలి.

అయితే డాక్టరైతేనే గౌరవమా? పదో తరగతి తప్పి కూలికి పోయే ట్రాన్స్‌జెండర్ మనిషికి గౌరవం వద్దా? గౌరవం గెలిచినవాళ్లకిచ్చే బహుమానం కాదు, మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కు. పైగా గెలిచినవాళ్లకూ తోడు కావాలి. మానబీ బందోపాధ్యాయ్ 2015లో బెంగాల్‌లోని కృష్ణనగర్ మహిళా కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి ట్రాన్స్‌జెండర్‌గా పేరొచ్చింది. మరుసటి ఏడాది చివరికే, సహకారం లేదంటూ రాజీనామా లేఖ ఇచ్చారు. ఆదర్శమని చప్పట్లు కొట్టి ఒంటరిగా వదిలేస్తే జరిగేది ఇదే.

అందుకే దూరపు ఆదర్శంతో పాటు దగ్గర అండ కావాలి. ఆ అండ అదే బాపతు మనిషి కానక్కర్లేదు. ఏ టీచరైనా, వార్డెనైనా కావచ్చు. చెప్పుకున్న మాట వినాలి. ఆ విద్యార్థి ఒప్పుకోకుండా ఇంట్లో గానీ తోటి టీచర్లతో గానీ చెప్పకూడదు. తన లింగమేదో తేల్చుకునే హక్కు ఎవరికి వారిదేనని 2014లో, ఇష్టపడిన పెద్దవాళ్ల స్వలింగ ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి పిల్లలకు తెలియజెప్పాలి.

‘ఇవి పట్నం పోకడలు, మన ఆచారంలో లేవు’ అనే పెద్దలున్నారు. మన గూడెంలో పుట్టి మన భాషలో ఏడ్చిన బిడ్డ పట్నం బిడ్డ ఎట్లా అవుతుంది? మీరు మాలో కలవరన్న మాట తరతరాలుగా పడ్డవాళ్లం మనం. అదే మాట మన పిల్లలతో అనడం న్యాయమేనా?

మీ తరగతిలో అలాంటి విద్యార్థి ఉండవచ్చు. మీతో ఎన్నడూ చెప్పకపోవచ్చు కూడా. కానీ పక్క బెంచీలో ఒకరిని ఎవరో వెక్కిరించినప్పుడు మీరు నవ్వారా, ఆపారా అన్నది మాత్రం చూస్తూనే ఉంటారు.