జొరబడుట అను మాట
ధ్యానభాగము: యూదా 3, 4, 12–23



సంఘములోనికి కొందరు రహస్యముగా జొరబడిరని భక్తుడైన యూదా హెచ్చరించెను. మాట చిన్నదే. కాని దానిని ఎవరికి చెప్పవలెనో ఎరుగక పలుకుటవలన మన సంఘములలో ఎన్నో హృదయములు నొచ్చినవి. గనుక ఈ నెల ఈ మాటనే ధ్యానింతము.

మొదటిది, దండెత్తుట వేరు, జొరబడుట వేరు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజైన సన్హెరీబు యూదాదేశముమీదికి దండెత్తి వచ్చెను. తాను ప్రాకారములుగల 46 పట్టణములను పట్టుకొంటినని ఆ రాజు శాసనము చెక్కించుకొనెను. అట్టి శత్రువు వచ్చినప్పుడు బూర ఊదుదురు, గుమ్మములు మూయుదురు. యెరూషలేములో హిజ్కియా ప్రార్థించెను, పట్టణము నిలిచెను. జొరబడువాడు అట్లు రాడు. యూదా వాడిన గ్రీకు మాటకు ప్రక్కనుండి లోనికి దూరుట అని భావము. క్రొత్త నిబంధనలో ఆ మాట ఆ ఒక్కచోటనే యున్నది. కంచెకు కంత యున్నచోట మేక చేనిలో దూరును. కావలివాడు దారివైపే చూచుచుండును, పైరు మాత్రము పోవును.

రెండవది, రాకను బట్టి కాదు, ఉద్దేశమును బట్టి తీర్పు తీర్చవలెను. గలతీ 2:4లో కపట సహోదరులు లోపలికి వచ్చిరని చెప్పుటకు పౌలు వాడిన క్రియనే, రోమా 5:20లో ధర్మశాస్త్రము వచ్చెనని చెప్పుటకును వాడెను. ధర్మశాస్త్రము పరిశుద్ధమైనదని ఆయనే రోమా 7:12లో ఒప్పుకొనెను. కపట సహోదరులు విశ్వాసులను దాసులుగా చేయ వచ్చిరి. ధర్మశాస్త్రము పాపమును బయలుపరచ వచ్చెను. క్రియ ఒక్కటే, పని వేరు.

మూడవది, జొరబడినవాని గురుతులేవి? అతని ఊరు గాని, కులము గాని, బట్టలు గాని యూదా చెప్పలేదు. దేవుని కృపను దుర్నీతికి సాకుగా మార్చువారు, మందను విడిచి తమ్మును తాము పోషించుకొనువారు, సణుగువారు, లాభముకొరకు ముఖస్తుతి చేయువారు, భేదములు పుట్టించువారు అని చెప్పెను. ఈ గురుతులు క్రొత్తగా వచ్చినవానియందే కాదు, మూడు తరములనుండి ముందు చాపమీద కూర్చున్నవానియందును ఉండవచ్చును.

ఇప్పుడు మనలను మనము పరీక్షించుకొందము. వేరొక పేటనుండి ఒక కుటుంబము ఆరాధనకు వచ్చినప్పుడు, వీరు మన సంఘములో జొరబడిరి అని గుసగుసలాడువారు లేరా? బల్లయొద్ద వారి ప్రక్కను మోకరించుటకు వెనుకాడువారు లేరా? వచ్చినవాడు తలుపుగుండా వచ్చెను. వానిని వేరుపరచువాడే భేదము పుట్టించుచున్నాడు. యూదా చెప్పిన గురుతు ఎవరిమీద పడుచున్నదో చూడుడి. సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు అతనికి భయపడిరి; వారి భయమునకు కారణమును ఉండెను. అయినను బర్నబా అతనిని చేరదీసి అపొస్తలులయొద్దకు తోడుకొని వెళ్లెను. ఆ దినమున తలుపు మూసియుండినయెడల సంఘమునకు ఎంత నష్టము!

కావలి మానుమని మేము చెప్పుట లేదు. దుర్బోధను ఎదిరింపుడి. కాని యూదా తన పత్రికను వెళ్లగొట్టుడను మాటతో ముగింపలేదు. సందేహించువారిని కనికరింపుమనియు, కొందరిని అగ్నిలోనుండి లాగినట్టు రక్షింపుమనియు చెప్పెను.

చొరబాటు, చొరవ అను రెండు మాటలును మన భాషలో ఒక్క ధాతువునుండి పుట్టినవే. దొంగతనముగా లోనికి పోవుట చొరబాటు. లోనికి పోవుటకు దొరకిన వీలు చొరవ. దూరస్థులమైన మనకు తండ్రి సన్నిధికి చొరవ కలిగించినవాడు క్రీస్తే (ఎఫెసీ 2:18). సర్వాధికారియైన ఆయన సహా మన హృదయములో జొరబడక, తలుపునొద్ద నిలిచి తట్టుచున్నాడు. ఆయనకు తీయుదము. ఆయన వెంట తెచ్చువారికిని తీయుదము.

ప్రభువా, మా కంచెలోని కంతలను మాకు చూపుము. నీవు తెరచిన తలుపును మేము మూయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.