అదే కారు

కొన్న కారు పెట్రోలు తెగ తాగుతోందనో, బ్రేకు పడటం లేదనో ఎవరైనా కోర్టుకెక్కితే మనకి అర్థమవుతుంది. 1990లో ఇంగ్లండు హైకోర్టుకి వచ్చిన తగువు ఆ బాపతు కాదు. "మీరు అమ్ముతానన్న కారు ఇది కాదు" అన్నారు కొనేవాళ్లు. "ఇదే" అన్నాడు అమ్మేవాడు. బేరం కుదిరింది కోటి పౌండ్లకి. వేదాంతులు వెయ్యేళ్లు కూర్చుని తేల్చలేని "ఇది అదేనా?" అన్న ప్రశ్నని పాపం ఒక న్యాయమూర్తి కొద్దిరోజుల్లో తేల్చి పారెయ్యాల్సి వచ్చింది.

ఆ కారు బెంట్లీ స్పీడ్ సిక్స్. ముద్దుపేరు ఓల్డ్ నంబర్ వన్. ఫ్రాన్సులోని లె మాన్స్‌లో ఇరవై నాలుగు గంటల పందెం జరుగుతుంది గదా, దాన్ని 1929లోనూ 1930లోనూ వరసగా గెలిచింది. రెండుసార్లూ నడిపినవాళ్లలో వుల్ఫ్ బార్నాటో ఉన్నాడు. పందెం కారు పందెం కోడిలాంటిది. దెబ్బలు తినడమే దాని ఉద్యోగం. పందెం పందేనికీ ఏదో ఒకటి విప్పారు, ఏదో ఒకటి బిగించారు. 1932లో బ్రూక్‌లాండ్స్‌లో ఎనిమిది లీటర్ల కొత్త ఇంజనుతో పరుగెడుతూ గట్టు మీంచి అవతలికి ఎగిరిపోయింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మిగిలిందాన్ని తెచ్చి మళ్లీ కారుగా కట్టారు. ఇన్ని జరిగాక, 1929లో గెలిచిన కారు తాలూకు ఇనుము అందులో ఎంతుందని వెతికితే దాదాపు శూన్యం.

అయినా న్యాయమూర్తి ఆటన్, ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నాడు. భాగాలు పోతూ వస్తూ ఉన్నా కారు చరిత్ర ఎక్కడా తెగలేదనీ, ఆ పేరు పెట్టుకోడానికి పోటీగా మరో కారు లేదనీ ఆయన అభిప్రాయం. కాబట్టి మాట ప్రకారం కొనితీరాలి.

పూరీ జగన్నాథుణ్ణి ఎరిగినవాళ్లకి ఇది వింతగా తోచదు. 2015లో నవకళేబరం జరిగినప్పుడు దారుమూర్తులన్నీ కొత్తవి వచ్చాయి. దేవుడు మారిపోయాడని భక్తులెవరూ తిరిగి వెళ్లిపోలేదు. అయితే అక్కడ బ్రహ్మపదార్థం అని ఒకటుంది. అది పాత మూర్తిలోంచి కొత్త మూర్తిలోకి చేరుతుంది. మరి కారులో బ్రహ్మపదార్థం ఏది?

ఇంజను అంటారు పాతకార్ల ప్రియులు. ఫ్యాక్టరీ చిట్టాలో రాసిన నంబరూ, ఇంజను మీద కొట్టిన నంబరూ కలిస్తే ధర ఒకటి, కలవకపోతే ఇంకొకటి. సర్కారు వారి లెక్క వేరు. మార్పులు చేసి తిరగకట్టిన కారుకి పాత రిజిస్ట్రేషన్ నంబరు ఉంచాలా వద్దా అనేదానికి బ్రిటన్‌లో చాలా ఏళ్లు మార్కులు వేశారు. ఛాసీకి 5, సస్పెన్షన్‌కి 2, ఇరుసులకి 2, గేర్లకి 2, స్టీరింగుకి 2. ఇంజనుకి? ఒక్కటి! 8 వస్తే పాసు. గుండె పోయినా ఫరవాలేదు, వెన్నెముక ఉంటే చాలన్నమాట.

ఇక విడిభాగాల వేట సంగతి. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌నే తీసుకోండి. తొలి కొన్ని వందల కార్లకి బానెట్ తాళాలు బయటివైపు ఉండేవి. తర్వాత లోపలికి మార్చారు. తొలినాళ్ల కారుని బాగుచేస్తున్నవాడు లోపలి తాళం పెడితే కులం చెడినట్టే. నీళ్ల గొట్టాన్ని బిగించే క్లిప్పు కూడా ఆనాటి చేనీ క్లిప్పే అయుండాలి. అంతకన్నా గట్టి క్లిప్పు పక్క కొట్లోనే దొరుకుతుంది. దొరికితే మాత్రం? నీళ్లు కారితే కారనీ, నియమం తప్పకూడదు! మనింట్లో మడి కట్టుకున్న పెద్దమ్మలు గుర్తుకొస్తారు.

నన్నడిగితే, మార్చడం తప్పు కాదు. అరిగిన బ్రేకు పూజకి పనికొస్తుందేమో గాని ప్రయాణానికి పనికిరాదు. ఎంజీబీ కారుకి 1988 నుంచి ఇంగ్లండులోనే పాత అచ్చుల మీద మొత్తం బాడీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. తుప్పుపట్టిన బండి ఉన్నవాడు అది కొనుక్కుని, కొత్తదని చెప్పుకుంటే ఎవరికి నష్టం? చిక్కంతా చెప్పుకోకపోవడంలో ఉంది. వేరే ఇంజను నంబరు అరగదీసి, కావలసిన నంబరు పాత అక్షరాల వంపుతో సహా కొట్టేవాళ్లున్నారు. అది దొంగ దస్తావేజు రాయడమే.

దొంగల మాట అలా ఉంచండి. నన్ను ఇబ్బంది పెట్టేది నిజాయితీపరులే. "ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా చేశాను" అని గర్వంగా చెబుతారే, వాళ్లు. గేటు దాటిన తర్వాతే గదా దాని బతుకు మొదలైంది! ఎవరి మోచెయ్యో రాసుకుని నున్నబడ్డ తోలు, ఏ పిల్లవాడో గీసిన గీత, ఏ పల్లెటూరి మెకానిక్కో చేతికందిన బోల్టుతో గట్టెక్కించిన రాత్రి, ఇవన్నీ వీరి దృష్టిలో తప్పులు. ఓల్డ్ నంబర్ వన్‌ని అచ్చంగా 1930 నాటి రూపానికి తెస్తే చూడముచ్చటగానే ఉంటుంది. కాని అందులో డన్‌ఫీ ఉండడు. తెగని చరిత్ర అని ఆ న్యాయమూర్తి దేన్ని చూసి తీర్పు చెప్పాడో, దాంట్లో ఆ గట్టూ ఉంది, ఆ చావూ ఉంది.

కొందరు మరమ్మతుదారులు ఒక పద్ధతి పాటిస్తారు. మార్చిన ప్రతి పాత ముక్కకీ చీటీ కట్టి పెట్టెలో వేస్తారు. కారు అమ్మినప్పుడు ఆ పెట్టె కూడా కొన్నవాడికే ఇస్తారు. చిరిగిన తోలు ముక్కా, వంగిన బోల్టూ, అరిగిన స్ప్రింగూ. కొన్నవాడు దాన్ని షెడ్డులో ఒక మూల పెట్టి, ఎప్పుడైనా మూత తీసి చూస్తాడు కాబోలు.